చదరంగంలో మొదటి ఎత్తులు ఎలా ఆడాలి?

చెస్ గ్రాండ్‌మాస్టర్లలో కోనేరు హంపి విజయవాడలో, హరికృష్ణ, హారిక గుంటూరులో ఎదిగారు కాబట్టి ఈ రెండు ఊళ్లలో చెస్ నేర్పించాలన్న ఉబలాటం ఎక్కువే. అయితే కొత్తవాళ్లు వారం తిరక్కుండానే సిసిలియన్ లాంటి చిక్కు ఆరంభాల వెంటపడతారు. తొందరేం లేదు. తెల్లపావులకు ఇటాలియన్ అనే ఆరంభం ఒక్కటి చాలు.

గడుల పేర్లు ఇలా: తెల్లవైపు నుంచి చూస్తే నిలువు వరుసలు ఎడమ నుంచి ఏ–హెచ్, అడ్డు వరుసలు కింది నుంచి 1–8. ముందు రాజు ఎదుటి బంటును ఇ4కి నెట్టండి. అవతలివాళ్లు ఇ5 ఆడితే గుర్రాన్ని ఎఫ్3లో పెట్టండి. ఇ5 బంటుకు ముప్పు కాబట్టి నల్లగుర్రం సాధారణంగా సి6కి వస్తుంది. మూడో ఎత్తుకు బిషప్ సి4. దాని గురి ఎఫ్7 మీద. మొదట్లో ఆ బంటుకు రాజు తప్ప దిక్కులేదు. నల్లబిషప్ సి5కి వస్తే సి3, డి3 ఆడి కాస్లింగ్ (రాజు ఏనుగు వైపు రెండు గడులు జరిగి, ఏనుగు అతని అవతలి పక్కకు చేరే ఎత్తు) చేసుకోండి. బిషప్ బయటికి రాకముందే డి3 ఆడితే మీ బిషప్ దారి మీరే మూసుకున్నట్టు.

బిషప్ సి4కి రాగానే కొందరు నల్లగుర్రాన్ని డి4కి దూకించి ఇ5 బంటును ఎర వేస్తారు. ఆశపడి చంపారో, నల్లమంత్రి జి5కి వచ్చి మీ గుర్రాన్నీ జి2 బంటునూ ఒకేసారి పట్టుకుంటుంది. బంటు జోలికి పోకుండా డి4 గుర్రాన్నే చంపేయండి.

నల్లపావులతో కూర్చున్నప్పుడు పిల్లల్ని ఎక్కువగా ఏడిపించేది నాలుగెత్తుల కట్టు (చెక్‌మేట్). ఇ4, ఇ5 తర్వాత తెల్లమంత్రి హెచ్5కి వస్తుంది. కంగారుపడి వెంటనే జి6 ఆడితే అది ఇ5 బంటును చంపి చెక్ చెబుతూ హెచ్8 ఏనుగు మీదా పడుతుంది. ముందు గుర్రం సి6. తెల్లబిషప్ సి4కి వచ్చాక, అప్పుడు జి6. ఈ వరుసే ప్రాణం: ఆ క్షణంలో జి6 బదులు గుర్రాన్ని ఎఫ్6లో పెడితే ఎఫ్7లో కట్టే. మంత్రి ఎఫ్3కి తగ్గి మళ్లీ గురిపెడితే, ఇప్పుడు గుర్రం ఎఫ్6.

తెల్లవాళ్లు డి4తో మొదలుపెడితే డి5 ఆడండి. సి4 వస్తే ఇ6తో దన్ను, గుర్రం ఎఫ్6, బిషప్ ఇ7, కాస్లింగ్. సి4 బంటును చంపినా తప్పులేదు గానీ, దాన్ని బి5తో నిలబెట్టుకోవాలని చూడకండి. తెల్లవాళ్ల నుంచి ఇ3, ఏ4 పడతాయి. మీరు సి6తో ఆసరా ఇస్తే బి5లో బంట్లు మారి, తెల్లమంత్రి ఎఫ్3 నుంచి ఏ8 ఏనుగును చూస్తుంది. ఏనుగో, అడ్డం పెట్టిన పావో పోవాల్సిందే.

టోర్నమెంటుకు వెళ్తుంటే ఇదొకటి ఇంట్లోనే అలవాటు చేసుకోండి: కాస్లింగ్‌లో ముందు రాజును, అదీ ఒక్క చేత్తోనే, కదపాలి. ఏనుగును ముందు ముట్టుకుంటే ఆ ఎత్తుకు కాస్లింగ్ చెల్లదు, ఏనుగునే జరపాలి.