లైవ్ టీకాలు, 3వ పాఠం: ఆ పొడి సీసా షార్ట్‌కట్ కొట్టేయండి

ముందు పోయిన పాఠం గొడవ తేల్చుకుందామండి. "పొడిలో నీళ్ళు కలిపి వేసేది లైవ్, అంటే బతికున్న క్రిమి టీకా" అని రాశాను కదా, నేను ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా), బీసీజీ (క్షయ టీకా) మనసులో పెట్టుకుని రాసేశా. అమలాపురం వైపు ఒకావిడ కోడలికి అయిదో నెల, కుక్క కరిచింది, నర్సమ్మ పొడి సీసాలో నీళ్ళు కలుపుతుంటే చూసి "ఇది లైవ్, కడుపుతో ఉన్న పిల్లకి వద్దు" అని లేపుకొచ్చేశారంట! మెసేజ్ చూసి కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఫోన్ చేసి వెనక్కి పంపించా.

తప్పు నాదే. రేబిస్ టీకా పొడే గానీ చచ్చిన వైరస్. పోలియో చుక్కలు నీళ్ళలా ఉంటాయి గానీ లైవ్. సీసా చూసి కాదు, పేరు చూసి చెప్పాలి. కుక్క కరిస్తే కడుపుతో ఉన్నా, క్యాన్సర్‌కి కీమో నడుస్తున్నా రేబిస్ టీకా వేయించుకోవాల్సిందే, ఆ జబ్బొస్తే బతకడం దాదాపు లేదు. టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా), హెపటైటిస్ బి, ఫ్లూ ఇంజెక్షన్‌లో కూడా బతికున్న క్రిమి ఉండదు.

ఉడకేసిన వడ్లు నారుమడిలో చల్లితే మొలకొస్తుందా? రాదు. చచ్చిన క్రిమి టీకా అలాంటిదే. లైవ్ అంటే నీరసపు విత్తనం, ఒంట్లో కాస్త మొలుస్తుంది, దాన్ని పీకడంలోనే ఒళ్ళు పని నేర్చుకుంటుంది. పీకే కూలీలే, అంటే ఒంట్లో రోగనిరోధక శక్తే, లేకపోతే చేనంతా అదే. అందుకే కీమోలో ఉన్నోళ్ళు, కిడ్నీ మార్పిడి అయినోళ్ళు, హెచ్ఐవీతో సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 200 కిందికి పోయినోళ్ళు లైవ్ జోలికి వెళ్ళకూడదు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రోజుకి 20 మిల్లీగ్రాములు, ఆపైన, రెండు వారాలు మింగిన పెద్దోళ్ళు మానాక నెలైనా ఆగాలి. స్టెరాయిడ్‌దే అయినా పీల్చే పఫ్, పూసే ఆయింట్‌మెంట్ ఈ లెక్కలోకి రావు.

గర్భిణులకి ఎంఆర్ వద్దనేది బిడ్డకి చేరుతుందేమోనన్న జాగ్రత్త, వేసుకున్నాక కూడా నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. తెలియక వేసేసినా అబార్షన్ అక్కర్లేదు, ఇది మాత్రం మీ అత్తగార్లకి గట్టిగా చెప్పండి. రక్తం ఎక్కించాక ఎంఆర్ మామూలుగా 6 నెలలు ఆపుతారు, అక్కడ ప్రమాదం కాదు, దాత రక్తంలోని యాంటీబాడీలు టీకాని పనిచేయనివ్వవు, అంతే.

ఎలర్జీల సంగతి ఈ పాఠంలో వదిలేస్తున్నా.

అభ్యాసం: 18 నెలల పిల్లాడికి ఎంఆర్ రెండో డోసు, తల్లి మళ్ళీ కడుపుతో ఉంది. పోయిన నెల రక్తం ఎక్కించిన పాపని కుక్క కరిచింది. ఆస్తమాకి పఫ్ వాడే బాబాయికి చికెన్‌పాక్స్ టీకా (ఇదీ లైవే). వేయొచ్చా, ఎందుకు? ఉత్త అవును, కాదు అని పంపితే నేను దిద్దనండి.