ఏడు చేపల కథతో 16 పేజీల బొమ్మల పుస్తకం: తయారుచేసి అచ్చు వేయించడం ఎలా?

రాజుగారికి ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు. అందులో ఒకటి ఎండలేదు. ఇక్కడిదాకా చెప్పి ఆపితే తెలుగింట పుట్టినవాళ్లలో చాలామంది మిగతాది అందుకుంటారు. మొదటిసారి పుస్తకం చేసేవాళ్లకి నేను ఈ కథే ఇస్తాను. కథ గురించి బెంగ ఉండదు కాబట్టి ధ్యాసంతా కాగితం మీద, బొమ్మ మీద పెట్టొచ్చు. సొంత కథ ఉంటే అదే తీసుకోండి, పద్ధతి మారదు.

జానపద కథ కనుక ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఇంకొకరు తమ పుస్తకంలో రాసుకున్న వాక్యాలు, వేసుకున్న బొమ్మలు వాళ్లవే. మీ ఇంట్లో పెద్దవాళ్ల చేత చెప్పించుకుని ఫోనులో రికార్డు చేసి, ఆ మాటల్లోనే రాయండి. మా ఇంట్లో ఆవుకి మేత వేయనివాడు పాలేరు. మా వదిన వాళ్లింట్లో గొల్లవాడు. దీని మీద మా ఇంట్లో ఒక సాయంత్రం గొడవే అయింది. ఎవరి పుస్తకంలో వాళ్ల పాఠం ఉండటమే న్యాయం.

ముందు డమ్మీ

కంప్యూటరు జోలికి ఇప్పుడే వెళ్లకండి. నాలుగు ఏ4 కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకి మడవండి. మామూలు స్టేప్లరు మడత దాకా అందదు, సూదీదారంతో రెండు కుట్లు వేయండి. ఏ5 సైజులో 16 పేజీల పుస్తకం చేతికొచ్చింది. పేజీలకి పెన్సిలుతో అంకెలు వేయండి. ప్రెస్సులో దీన్ని డమ్మీ అంటారు. దీన్ని పట్టుకుని వెళితే ప్రెస్సులో మీ మాటకి ఉండే మర్యాదే వేరు.

ఇప్పుడు దారం లాగేసి కాగితాలు విడదీసి చూడండి. పై కాగితానికి ఒక పక్క 16, 1 ఉంటాయి, దాని వెనక 2, 15. తర్వాతి దాని మీద 14, 3, వెనక 4, 13. ఏ పక్క చూసినా పక్కపక్కన ఉన్న రెండంకెలు కూడితే 17 వస్తుంది. అంటే చదివేటప్పుడు ఎదురెదురుగా కనిపించే 6, 7 పేజీలు నిజానికి రెండు వేరే కాగితాల మీద అచ్చవుతాయి. ఆ రెంటి మీదుగా ఒకే బొమ్మ వేస్తే బైండింగులో ఓ మిల్లీమీటరు అటూఇటూ జరిగి గీత తెగినట్టు కనిపిస్తుంది. నడిమధ్యన ఉన్న 8, 9 పేజీలు మాత్రమే ఒకే కాగితం. రెండు పేజీలు నిండే పెద్ద బొమ్మ ఏదైనా ఉంటే అక్కడ వేయండి. అక్కడ కూడా మొహాన్ని మడత మీదికి రానివ్వకండి, అచ్చయ్యాక కొట్టే పిన్ను ముక్కులో దిగుతుంది.

కథని పేజీలకి పంచడం

ఈ కథ అంతా ప్రశ్నా జవాబూ. పుస్తకంలో ప్రశ్న ఉండాల్సిన చోటు కుడి పేజీ అడుగున. జవాబు కాగితం తిప్పితే దొరకాలి. "చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" అన్నది, "గడ్డిమేటు అడ్డమొచ్చింది" అన్నది ఎదురెదురు పేజీల్లో పడితే పిల్లల కన్ను ముందే జవాబు బొమ్మ మీదికి పోతుంది. పేజీ తిప్పే సరదా అంతటితో సరి.

నేను చేసిన పంపకం ఇది. 1వ పేజీ పుస్తకం పేరు. 2, 3లో వేట. 4, 5లో ఎండలో చేపలు, 5 చివర చేపకి ప్రశ్న. 6, 7లో గడ్డిమేటు. 8, 9లో ఆవు. 10, 11లో పాలేరు, 12, 13లో బువ్వ పెట్టని అవ్వ. 14లో పిల్లాడి ఏడుపు, 15లో "చీమా చీమా, ఎందుకు కుట్టావ్?" తిప్పితే 16వ పేజీ నిండా చీమ, "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" నడిమధ్య పేజీల్లోకి ఆవు దానంతట అదే వచ్చి కూర్చుంది. కథలో అందరికన్నా పెద్ద ఒళ్లు దానిదే.

పేజీకి రెండు మూడు వాక్యాలు మించనివ్వకండి. బొమ్మలో కనిపించేది మాటల్లో మళ్లీ చెప్పక్కర్లేదు. ఎండ మండుతున్నట్టు బొమ్మ ఉంటే "ఎండ బాగా కాస్తోంది" అన్న వాక్యం కొట్టేయండి.

సైజు ముందే తేల్చుకోండి

బొమ్మ వేయడం మొదలుపెట్టాక సైజు మారిస్తే అన్నీ మళ్లీ వేసుకోవాలి. అందుకని ప్రెస్సుకి ముందే ఒకసారి వెళ్లిరండి. ఎన్ని కాపీలు, డిజిటలా (ఫైలు నుంచి నేరుగా అచ్చు) ఆఫ్‌సెట్టా (ముందు ప్లేట్లు చేసి వాటితో అచ్చు) అన్నదాన్ని బట్టే సైజు.

డిజిటల్ మిషన్లలో వాడే పెద్ద షీటు సాధారణంగా 13×19 అంగుళాలు. ఏ5 పుస్తకం విప్పితే ఏ4 కనుక, అలాంటివి రెండు ఆ షీటు మీద హాయిగా పడతాయి. ఆఫ్‌సెట్లో లెక్క వేరు. డెమ్మీ షీటు 18×23 అంగుళాలు. దాని మీద ఏ5 పేజీలు నాలుగు వరసగా పెడితే 23 అంగుళాలు దాటిపోతుంది. అదే పేజీని 5.5×8.5 అంగుళాలు చేస్తే ఒక పక్క ఎనిమిది, వెనక ఎనిమిది, మొత్తం 16 పేజీలూ ఒక్క ఫారంలో, అంటే ఒకే పెద్ద షీటులో, పడతాయి. తెలుగు పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే డెమ్మీ 1/8 సైజు ఇదే.

చతురస్రంగా ఉండే పుస్తకం ముద్దుగానే ఉంటుంది. కానీ 8×8 అంగుళాల పుస్తకం విప్పితే 16×8, అది 13×19 షీటు మీద ఒక్కటే పడుతుంది. మిగిలిన దాదాపు ఐదంగుళాల పట్టీకి కూడా మీరే డబ్బు కడతారు.

బొమ్మలు

రంగు పెన్సిలో, నీటిరంగులో, టాబ్లెట్టో మీ ఇష్టం. కాగితం మీద వేస్తే పుస్తకం సైజు కన్నా కొంచెం పెద్దగా వేయండి, చిన్నది చేస్తే గీత చిక్కబడుతుంది. చిన్నగా వేసి పెద్దది చేస్తే వణుకంతా బయటపడుతుంది. స్కానరులో 300 డీపీఐకి (అంగుళానికి ఇన్ని చుక్కలు) తగ్గొద్దు, పెంచాల్సిన బొమ్మ అయితే 600. టాబ్లెట్టు మీదైతే ఏ5 నిండు పేజీకి, కటింగులో పోయే అంచులతో కలిపి, కనీసం 1819×2551 పిక్సెళ్లు.

పిల్లలు వేసిన బొమ్మని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే అది కుదించుకుపోయి మసకబడుతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి.

తెర మీద మెరిసే చిలకపచ్చ, ముదురు నారింజ అచ్చులో అలా రావు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో కాగితం మీద తెస్తుంది: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. ఆ నాలుగు రంగుల సీఎమ్‌వైకే పద్ధతిలోకి బొమ్మని మార్చి చూసుకుని, చప్పబడిన చోట అప్పుడే సరిదిద్దుకోండి. గడ్డిమేటు పసుపు బాగానే వస్తుంది. నాకు ఎప్పుడూ తలనొప్పి తెచ్చేది చేప నీలం, ఊదాలోకి జారుతుంది. అందులో మెజెంటా కాస్త తగ్గిస్తే దారికొస్తుంది.

అక్షరాలు

బొమ్మలు బాగుండి అక్షరాల దగ్గర చెడిన తెలుగు పిల్లల పుస్తకాలు కోకొల్లలు. మన అక్షరానికి పైనా కిందా సామాను ఎక్కువ. పైన గుడులూ ఏత్వాలూ, కింద వత్తులూ, ఒక్కోసారి వత్తు కింద వత్తు. పేజీ మేకప్ సాఫ్ట్‌వేర్లు మామూలుగా వరసల మధ్య ఇచ్చే 120 శాతం ఎడం ఇంగ్లీషుకి సరిపోతుంది, మనకి చాలదు. 18 పాయింట్ల అక్షరానికి 28 ఇచ్చి చూడండి. ‘పిల్లాడు ఏడ్చాడు’ అన్న వరసలోని చ వత్తు, కింది వరసలోని ‘చీమ’ గుడిని తన్నకూడదు. తన్నితే ఇంకో రెండు పాయింట్లు పెంచండి.

వరసలు రెండు అంచులకీ సమంగా లాగొద్దు. తెలుగు మాటలు పొడుగు, చిన్న పేజీలో వరసకి మూడో నాలుగో పడతాయి. బలవంతంగా లాగితే మధ్యలో సందులు పడి పళ్లూడిన దువ్వెనలా ఉంటుంది. ఎడమకి ఆనించి, కుడివైపు వదిలేయండి. మాటని మధ్యలో విరగ్గొట్టకండి.

ఫాంటు యూనికోడ్‌దే (అన్ని భాషల అక్షరాలకీ ఉన్న ఒకే అంతర్జాతీయ కోడు) వాడండి. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర నుంచి వచ్చి 2014లో గూగుల్ ఫాంట్స్‌లో చేరిన మండలి, రామభద్ర, గిడుగు లాంటివి ఉచితం, అమ్మే పుస్తకాల్లోనూ వాడుకోవచ్చు. రామభద్ర లాంటి బండ అక్షరాలు అట్టకి బాగుంటాయి, లోపల వద్దు. లోపలికి ఏది ఎంచుకోవాలన్నా ఒక పరీక్ష పెట్టండి: ప, వ, ష, స, మ, య వరసగా అచ్చుతీసి, ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లకి ఇవ్వండి. ఎక్కడ తడబడిందో చూడండి.

పేజీలు అమర్చడానికి స్క్రైబస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. కొత్త 1.6 వేసుకోండి, పాత 1.4లో వత్తులు కుదరవు. ఇన్‌డిజైన్ వాడితే పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే క్ష, స్త్రీ విడివిడి ముక్కలవుతాయి.

పేజీ అమరిక

పేజీ చివరిదాకా వెళ్లే రంగు, బొమ్మ ఏదైనా కటింగు గీత దాటి బయటికి 3 మిల్లీమీటర్లు ఉండాలి. దాన్ని బ్లీడు అంటారు. కత్తి వెంట్రుకవాసి పక్కకి పోయినా తెల్లగీత రాకుండా ఉండేది దానివల్లే. అక్షరాలు, పేజీ అంకెలు కటింగు గీత నుంచి లోపలికి 10 మిల్లీమీటర్లయినా ఉండాలి. ఒకదానిలో ఒకటి దూర్చిన కాగితాల్లో నడిమివి కొంచెం బయటికి పొడుచుకొస్తాయి, కత్తి వాటిని ఎక్కువ కోస్తుంది.

అక్షరాల నలుపు ఒక్క నల్ల సిరాతోనే ఉండాలి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేటు కాస్త జరిగినా అక్షరం చుట్టూ ఎర్రనీడ పడుతుంది, వత్తులు చదవలేం.

ప్రెస్సుకి ఇవ్వడం

పీడీఎఫ్ ఇవ్వండి, ఫాంట్లు అందులో కలిసిపోయి ఉండాలి. పేజీలు 1 నుంచి 16 దాకా వరసగా, ఒక్కొక్కటిగా. అట్ట వేరే ఫైలు. 17 లెక్క ప్రకారం షీటు మీద పేర్చుకోవడం ప్రెస్సు వాళ్ల పని, మీరు పేర్చి ఇస్తే గందరగోళమే.

ఈ ముక్క దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదటిసారి వర్డ్ ఫైలు ఇచ్చాను. వాళ్ల కంప్యూటర్లో తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు. అక్కడి కుర్రాడు పాపం రాత్రికి రాత్రి కూర్చుని తన ఫాంట్లలో మళ్లీ టైపు చేశాడు. ప్రూఫు, అంటే అచ్చుకి ముందు తప్పులు చూసుకునే నకలు, నేను రెండుసార్లు చూశాను. కథ కంఠతా వచ్చు కాబట్టి కళ్లు చదవలేదు, నోరే చదివేసింది. 300 కాపీల్లో ‘అవ్వ బువ్వ పెట్టలేదు’ అన్నచోట ‘ఆవు బువ్వ పెట్టలేదు’ అని పడింది. కాబట్టి ప్రూఫుని కథ తెలియని మనిషి చేత, లేదా చివరి పేజీ నుంచి వెనక్కి చదివించండి. ప్రూఫు కూడా తెర మీద కాదు, అదే కాగితం మీద తీసి మడిచిన ఒక కాపీ అడగండి.

కాగితం విషయంలో నాది కొంచెం చాదస్తం. ఆర్ట్ పేపరు, 130 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాముల బరువు), మీద రంగులు నిగనిగలాడతాయి, చాలామంది అదే వేయిస్తారు. రంగు పెన్సిలు బొమ్మలకి నేను 100 జీఎస్‌ఎం మ్యాప్‌లితోనే అడుగుతాను. సిరా కొంచెం పీల్చుకుని రంగు ఒక మెట్టు తగ్గుతుంది, కానీ రాత్రి లైటు కింద చదువుతుంటే కళ్లలోకి మెరుపు కొట్టదు. అట్టకి 250 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, పైన మ్యాట్ లామినేషన్, మడతకి ముందు క్రీజింగ్, అంటే మడత పడేచోట గాడి నొక్కడం. క్రీజింగ్ మానేస్తే మడత దగ్గర రంగు పగులుతుంది. 16 పేజీలకి సెంటర్ పిన్, అంటే నడిమి మడత మీద కొట్టే పిన్నులు, చాలు.

వంద, రెండొందల కాపీలకి డిజిటల్. ఆఫ్‌సెట్లో లోపలి ఫారం రెండు పక్కలకీ నాలుగేసి, మొత్తం 8 ప్లేట్లు, అట్టకి మరో 4. వంద వేసినా వెయ్యి వేసినా ఆ ప్లేట్ల ఖర్చు ఒకటే, అందుకే వెయ్యికి కాపీ ధర బాగా దిగుతుంది. 100, 300, 1000 మూడింటికీ రేటు రాయించుకుని, నిజంగా ఎంతమందికి ఇస్తారో పేర్లు రాసి లెక్కపెట్టుకోండి. అటక మీద కట్టలున్నవాళ్లు ఈ మాట ఒప్పుకుంటారు.

చుట్టాలకీ బడికీ పంచడానికైతే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ అంకె) అక్కర్లేదు. అమ్మాలంటే తీసుకోండి, రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. అంకె రావడానికి టైము పడుతుంది కనుక బొమ్మలు మొదలుపెట్టినప్పుడే దరఖాస్తు పెట్టండి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లో నిర్ణయించిన లైబ్రరీలకి ఒక్కో కాపీ పంపాలి. ఆ నాలుగు కాపీలూ లెక్కలో ముందే కలుపుకోండి.

కట్టలు వచ్చాక

డబ్బు మొత్తం ఇచ్చేముందు ప్రతి కట్ట మధ్యలోంచి రెండు కాపీలు లాగి పేజీలు తిప్పి చూడండి. పిన్ను మడత మీదే ఉందా, కొనలు లోపలికి వంగాయా, వేలికి గుచ్చుకుంటున్నాయా అన్నది తడిమి చూడాలి. ఒక కాగితం రెండుసార్లు పడి, పక్కది మిస్సయ్యే కాపీలు ఒకటీ అరా ఉంటాయి, ప్రెస్సు వాళ్లు మారుస్తారు. మా రెండో పుస్తకంలో అలాంటిదొకటి వచ్చింది. ఆవు రెండుసార్లు ఉంది, గడ్డిమేటు సగమే ఉంది. ఆవు తినేసిందని మా మేనకోడలు తీర్మానించి, ఆ కాపీని వెనక్కి ఇవ్వనివ్వలేదు.