స్వేచ్ఛ ఎక్కువున్న రాష్ట్రానికి మారాలా? అమెరికాకు కొత్తగా వచ్చినవారికి

ఇక్కడికి వచ్చి ఒకటి రెండేళ్ళు గడిచేసరికి ఎవరో ఒకరు చెప్తారు: "టెక్సాస్ వెళ్ళిపోండి, అక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, గవర్నమెంటు మన జోలికి రాదు." ఇంకొకరు ఫ్లోరిడా అంటారు. కాస్త ఎక్కువ చదివినవాళ్ళు న్యూ హాంప్‌షైర్ పేరెత్తుతారు. నేను మసాచుసెట్స్ నుంచి, దాని పక్క రాష్ట్రమైన న్యూ హాంప్‌షైర్‌లోని నాషువాకి మారి నాలుగేళ్ళయింది. ఆఫీసు మాత్రం మసాచుసెట్స్‌లోని బోస్టన్‌లోనే. వచ్చి తప్పు చేశానని అనను. కానీ వచ్చేముందు నేను చేయని పని ఒకటి మీరు చేయండి.

ఈ ఏడాదిలో చేద్దామనుకుని చేయలేకపోయిన పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతిదాని పక్కన మిమ్మల్ని ఆపింది ఎవరో కూడా రాయండి. ఫెడరల్ చట్టమా, రాష్ట్రమా, ఊరా, హెచ్‌ఓఏనా (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం), కంపెనీయా? నేను ఇది మారాక రాశాను. ధైర్యంగా ఉద్యోగం మారలేకపోవడం, పక్కన చిన్న బిజినెస్ పెట్టుకోలేకపోవడం, మా ఆవిడకి వర్క్ పర్మిట్ లేకపోవడం, ఇండియా వెళ్తే స్టాంపింగ్ (పాస్‌పోర్ట్‌లో మళ్ళీ వీసా వేయించుకోవడం) టెన్షన్. ఈ నాలుగింటి పక్కనా వీసా అనే పడింది. రాష్ట్రం పేరు పడింది ఒక్క చోటే, జీతంలో పన్ను కోత దగ్గర. ఆ కోత కూడా పోలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

న్యూ హాంప్‌షైర్ కార్ల నంబర్ ప్లేట్ల మీద "స్వేచ్ఛగా బతుకు, లేదా చావు" అనే అర్థం వచ్చే నినాదం ఉంటుంది. ఆ మాట తన నమ్మకానికి విరుద్ధమని ఒకాయన దాన్ని కప్పేస్తే జైల్లో పెట్టారు. 1977లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. స్వేచ్ఛ గురించిన నినాదాన్ని బలవంతంగా మోయించారన్నమాట! ఆ సంగతి అలా ఉంచితే, ఇక్కడ నిజంగానే నిబంధనలు తక్కువ. జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, సేల్స్ ట్యాక్స్ లేదు. వడ్డీ, డివిడెండ్ల మీద ఉండే పన్ను కూడా 2025 నుంచి పోయింది. పెద్దవాళ్ళు సీట్ బెల్ట్ పెట్టుకోవాలన్న చట్టం లేని రాష్ట్రం దేశం మొత్తంలో ఇదొక్కటే. కారు ఇన్సూరెన్స్ కూడా మామూలుగా తప్పనిసరి కాదు. బెల్ట్ పెట్టుకోండి, ఇన్సూరెన్స్ తీసుకోండి. యాక్సిడెంట్‌లో తప్పు మీదైతే ఆ ఖర్చంతా మీ నెత్తినే పడుతుంది. కారు లోన్ ఇచ్చినవాళ్ళు ఎలాగూ ఇన్సూరెన్స్ లేకుండా ఊరుకోరు.

2001లో జేసన్ సోరెన్స్ మొదలుపెట్టిన ఫ్రీ స్టేట్ ప్రాజెక్ట్ గురించి మీరు వినే ఉంటారు. ప్రభుత్వ జోక్యం తక్కువ ఉండాలనుకునే 20,000 మంది ఒకే చిన్న రాష్ట్రానికి చేరాలన్నది ఆలోచన. 2003లో ఓటు వేసుకుని న్యూ హాంప్‌షైర్‌ని ఎంచుకున్నారు. వస్తామని సంతకం చేసినవాళ్ళు 2016 నాటికి ఆ సంఖ్యకి చేరారు. వాళ్ళ లెక్క బాగానే ఉంది. ఇక్కడ రాష్ట్ర చట్టసభలో దిగువ సభలోనే 400 మంది సభ్యులు, ఒక్కొక్కరికి ఏడాదికి జీతం 100 డాలర్లు. అలాంటి చోట కొద్దిమంది ఓటర్లు కూడా తేడా తేగలరు. కానీ వీసా మీద ఉన్న మన దగ్గర లేనిది ఆ ఓటే.

దీని విలువేమిటో తెలియాలంటే క్రాయిడన్ అనే చిన్న ఊరి కథ వినాలి. 2022 మార్చిలో టౌన్ మీటింగ్‌కి, అంటే ఊరి ఓటర్లే కూర్చుని బడ్జెట్ తేల్చే సభకి, కొద్దిమందే వచ్చారు. 17 లక్షల డాలర్ల స్కూల్ బడ్జెట్‌ని 8 లక్షలకు కోసేశారు. ఊరంతా ఉలిక్కిపడి మే నెలలో మళ్ళీ కూర్చుని, 377కి 2 ఓట్లతో పాత బడ్జెట్‌ని నిలబెట్టుకుంది. అదే ఊళ్ళో హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్న కుటుంబం ఉంటే వాళ్ళ పిల్లలు ఆ స్కూలుకే వెళ్తారు, పన్ను వాళ్ళూ కడతారు, చెయ్యెత్తే హక్కు మాత్రం ఉండదు. అన్నట్టు, డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్లో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే వద్దని చెప్పండి. సిటిజన్ కాకుండా నమోదైతే, పొరపాటున అయినా సరే, తర్వాత ఇమ్మిగ్రేషన్‌లో చాలా పెద్ద చిక్కు.

తుపాకీ, గంజాయి విషయాల్లోనూ అంతే, రాష్ట్రం వద్దనకపోయినా ఫెడరల్ చట్టం అడ్డుపడుతుంది. రాష్ట్రం పర్మిట్ అడగకపోయినా, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. మసాచుసెట్స్‌లో గంజాయిని దుకాణాల్లో బాహాటంగానే అమ్ముతారు. వాడానని వీసా ఆఫీసర్ ముందు ఒప్పుకుంటే మాత్రం వీసానే పోవచ్చు.

ఇక పన్ను. నాషువాలో ఇల్లు, బోస్టన్‌లో ఆఫీసు అయితే అక్కడికెళ్ళి పనిచేసిన రోజుల జీతం మీద మసాచుసెట్స్ 5 శాతం తీసుకుంటుంది. నా కోత పోకపోవడానికి కారణం ఇదే. జీతం మీద పన్ను లేని న్యూ హాంప్‌షైర్ లాంటి చోట ఆ డబ్బు ప్రాపర్టీ ట్యాక్స్ (ఇంటి పన్ను) రూపంలో వసూలవుతుంది. అది ఊరిని బట్టి మారుతుంది. 2 శాతం చొప్పున వేసుకుంటే 5 లక్షల డాలర్ల ఇంటికి ఏటా 10,000 డాలర్లు. టెక్సాస్‌లోనూ ఇదే ధోరణి, పైగా సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం దాకా ఉంటుంది.

పన్నులు బాదుతుందని అందరూ తిట్టే కాలిఫోర్నియాలో ఒక సుఖం ఉంది. పోటీ కంపెనీలో చేరకూడదంటూ ఉద్యోగితో రాయించుకునే ఒప్పందాలు అక్కడ 1872 నుంచీ చెల్లవు. మీ కాగితం మీద ఉద్యోగం మారడమే పెద్ద బాధగా కనిపిస్తే, మీకు స్వేచ్ఛ ఉన్న రాష్ట్రం అదే కావచ్చు.

పిల్లల్ని కనే ఆలోచనలో ఉన్న దంపతులు ఇంకో విషయం కూడా కలిసి చూసుకోవాలి. 2022లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అబార్షన్ చట్టాలు రాష్ట్రానికో తీరుగా అయ్యాయి. తల్లి ప్రాణం మీదికి వచ్చే పరిస్థితుల వంటివి తప్ప టెక్సాస్‌లో దాదాపు పూర్తిగా నిషేధం. న్యూ హాంప్‌షైర్‌లో 24 వారాల వరకు వీలుంది. గర్భంలో ఏదైనా తేడా వస్తే డాక్టర్ ఏం చేయగలరన్నది దీన్ని బట్టే ఉంటుంది.

ఇంకా మారాలనే ఉంటే ముందు ఇమ్మిగ్రేషన్ అటార్నీకి (లాయర్‌కి) ఫోన్ చేయండి. పనిచేసే చోటు వేరే మెట్రో ప్రాంతంలోకి వెళ్తే హెచ్-1బీకి అమెండ్‌మెంట్ (సవరణ దరఖాస్తు) కంపెనీ వేయాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి ఇల్లే పనిచేసే చోటు. ఆఫీసు అదే ఉండి, అక్కడికే వెళ్ళి పనిచేస్తూ ఇల్లు మాత్రమే మారితే మామూలుగా అవసరం పడదు. చిరునామా మారిన 10 రోజుల్లో ఏఆర్-11 అనే ఇమ్మిగ్రేషన్ ఫారం ఆన్‌లైన్‌లో నింపండి. కొత్త లైసెన్స్‌కి న్యూ హాంప్‌షైర్‌లో 60 రోజులు, టెక్సాస్‌లో 90, ఫ్లోరిడాలో 30 గడువు.

ఇల్లు వెంటనే కొనొద్దు, ఒక చలికాలం అద్దెకు ఉండి చూడండి. బోస్టన్ నుంచి వచ్చే లోకల్ రైలు లోవెల్‌లోనే ఆగిపోతుంది, నాషువా దాకా రాదు, కాబట్టి కారే దిక్కు. మా ఆవిడకి లైసెన్స్ వచ్చేదాకా ఏడు నెలలు, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆమె ఇంట్లోనే. అక్కడ మసాచుసెట్స్‌లో ఉన్నప్పుడు లైబ్రరీకి నడిచి వెళ్ళేది.