ఇంజిన్ లేని విమానంలో ఎగరాలంటే: గ్లైడింగ్ క్లబ్బులో మొదటి శని, ఆదివారాలు

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గద్ద ఒక్కసారి కూడా రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోవడం మన ఊళ్లలో అందరం చూసిందే. గ్లైడర్ చేసేదీ అదే. దానికి ఇంజిన్ ఉండదు. గాలి పైకి లేచే చోటు వెతుక్కుని, అక్కడే తిరుగుతూ ఎత్తు సంపాదించుకుంటుంది.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది చేతికందే దూరంలోనే ఉంది. బ్రిటిష్ గ్లైడింగ్ అసోసియేషన్ 1929లో మొదలైంది. డన్‌స్టబుల్ డౌన్స్ కొండ కింద ఉన్న లండన్ గ్లైడింగ్ క్లబ్ వయసు 1930 నుంచి లెక్క. లూటన్, మిల్టన్ కీన్స్ వైపు ఉండేవాళ్లకు అది దగ్గర. హాంప్‌షైర్‌లోని లాషమ్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డ్ మీద ఇంకో పెద్ద క్లబ్బు నడుస్తోంది. బ్రిటన్ నిబంధనల ప్రకారం 14 ఏళ్లు నిండితే గ్లైడర్‌ను ఒంటరిగా నడపొచ్చు. అంటే కారు లైసెన్సు కంటే ముందే. ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే వాళ్లనూ తీసుకెళ్లండి.

ఒక్క మాట ముందే చెబుతాను. చాలామంది ఒక ఇరవై నిమిషాలు ఎగిరి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. అలా చేయకండి. రెండు రోజులూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండండి. ఒక్క గ్లైడర్ పైకి లేవాలంటే కింద అయిదారుగురు పనిచేయాలి. చాలా క్లబ్బుల్లో ఆ పనిచేసేది జీతగాళ్లు కాదు, సభ్యులే. ఆ పనిలో చేయి వేస్తేనే ఎగరడం ఏమిటో అర్థమవుతుంది.

వెళ్లే ముందు

క్లబ్బుకు ఫోన్ చేసి, మొదటిసారి వస్తున్నామని, రోజంతా ఉండి సాయం చేస్తామని చెప్పండి. మీ బరువు దాచకుండా చెప్పండి. శిక్షణకు ఎక్కువగా వాడే ఏఎస్‌కే 21 గ్లైడర్‌లో, పారాచ్యూట్‌తో కలిపి ఒక సీటుకు 110 కిలోలు మించకూడదు.

ఎయిర్‌ఫీల్డ్ అంటే నీడలేని పెద్ద గడ్డిమైదానం. ఎండ ఉన్నా చలిగాలి కొడుతుంది. స్వెటర్, గట్టి బూట్లు, అంచు లేని మెత్తటి టోపీ, నీళ్లు పెట్టుకోండి. అంచున్న టోపీ పైకి చూడనివ్వదు, గ్లైడర్‌లో ఆ చూపే ముఖ్యం. నేనైతే పులిహోర తీసుకెళ్తాను. మైదానంలో ఎక్కడ కూర్చున్నా తినొచ్చు, చల్లారినా బాగుంటుంది. కానీ ఎగిరే ముందు కడుపు నిండా తినకండి, అలాగని ఖాళీ కడుపుతోనూ ఎక్కకండి.

వాన, కిందికి దిగిన మబ్బు ఉంటే ఆ రోజు ఎగరడం కుదరదు. ముసురు వెళ్లిపోయిన మర్నాడు, కడిగినట్టున్న ఆకాశంలో దూదిపింజల్లా చిన్న మబ్బులు కనిపిస్తే మాత్రం పరుగెత్తండి.

శనివారం పొద్దున

చాలా చోట్ల ముందు వచ్చినవాళ్ల పేరు లిస్టులో ముందుంటుంది. హ్యాంగర్ తలుపులు తెరిచే సమయానికి అక్కడ ఉండండి. ఏఎస్‌కే 21 రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు 17 మీటర్లు, ఖాళీ బరువు సుమారు 360 కిలోలు. నలుగురు నెడితే సులభంగా కదులుతుంది. అయితే ఎక్కడ పట్టుకోవాలో అడిగి పట్టుకోండి. రెక్క వెనక అంచున కదిలే భాగాల్ని, పైనున్న గాజులాంటి కానోపీని పట్టుకుని నెట్టకూడదు.

తర్వాత రోజువారీ తనిఖీ జరుగుతుంది. తనిఖీ చేసే మనిషి వెంట తిరగండి. ఏ పిన్ను దేనికో, స్టిక్ (గ్లైడర్‌ను నడిపే కర్ర) కదిలిస్తే రెక్క మీద ఏది కదులుతుందో చూపిస్తారు. అరగంటలో నేర్చుకునేది ఏ వీడియోలోనూ దొరకదు.

లాంచ్ పాయింట్ దగ్గర

గ్లైడర్లు పైకి బయల్దేరే చోటు ఇదే. ఇక్కడ తొందర పడొద్దు. మైదానం అవతలి చివర వించ్ ఉంటుంది, అంటే కేబుల్‌ను వేగంగా చుట్టుకుంటూ గ్లైడర్‌ను పైకి లాగే, బలమైన ఇంజిన్ బిగించిన పెద్ద డ్రమ్ము. అక్కడి నుంచి ఇక్కడి దాకా దాదాపు కిలోమీటరు కేబుల్ పరిచి ఉంటుంది. కదలకుండా పడున్నా సరే, ఆ కేబుల్ ఏ క్షణమైనా కదులుతుందనే అనుకోండి. దాని మీదుగా నడవకండి, చెప్పకుండా చేత్తో తాకకండి.

మీకు అప్పగించే మొదటి పని రెక్క పట్టుకోవడం. గ్లైడర్‌కు ఒక్క చక్రం మీదే బరువంతా ఉంటుంది కాబట్టి, కదిలేవరకు ఎవరో ఒకరు రెక్క కొసను సమంగా పట్టుకోవాలి. ముందూ వెనకా ఆకాశం ఖాళీగా ఉందో లేదో చూడాలి. "టేక్ అప్ స్లాక్" అంటే కేబుల్ వదులు లాగమని, దానికి చేతిని నడుము కింద ఊపాలి. కేబుల్ బిగిశాక "ఆల్ అవుట్", అప్పుడు చేతిని తల మీదుగా ఊపాలి. ఏది తేడాగా కనిపించినా చేయి నిటారుగా పైకెత్తి "స్టాప్" అని గట్టిగా అరవాలి. ఈ చివరి మాట అనే హక్కు మైదానంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉంది, మొదటి రోజు వచ్చిన మీకు కూడా. అనుమానం వస్తే మొహమాటపడకండి.

ముందు సీట్లో

పారాచ్యూట్ కట్టి, బెల్టులు బిగించి కూర్చోబెడతారు. రంగులు గుర్తుపెట్టుకోండి: పసుపు పిడి లాగితే కేబుల్ ఊడుతుంది, నీలం ఎయిర్‌బ్రేకులకు (రెక్క మీద పైకి లేచి గ్లైడర్‌ను త్వరగా కిందికి దించే పలకలు), ఆకుపచ్చ ట్రిమ్‌కు (స్టిక్ మీద చేతికి పడే ఒత్తిడిని తగ్గించేది). ఎదురుగా కానోపీ మీద ఒక చిన్న ఉన్ని దారం అతికించి ఉంటుంది. అన్ని మీటర్ల మధ్యా నాకు ఎక్కువ ఇష్టమైనది అదే. దారం కొస ఎడమకు జరిగితే కుడి పెడల్ నొక్కాలి, కుడికి జరిగితే ఎడమ. దారం మధ్యలో ఉంటే గ్లైడర్ గాలిలో నేరుగా పోతున్నట్టు.

వించ్ లాగడం మొదలయ్యాక కొద్ది సెకన్లలోనే నేల వదిలేస్తారు. గాలిపటం దారం పట్టుకుని పరుగెత్తితే అది ఎలా పైకి లేస్తుందో, మీరిప్పుడు ఆ గాలిపటంలో ఉన్నారు. ముక్కు బాగా పైకి లేచి ముందు ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. ముప్ఫై, నలభై సెకన్లలో వెయ్యి అడుగులు దాటేస్తారు. టెన్షన్ సహజం. గట్టిగా ఊపిరి పీల్చి వదలండి.

కేబుల్ మధ్యలో తెగితే? ఈ ప్రశ్న మీరే అడగండి. ప్రతి లాంచ్‌కు ముందూ వెనక సీట్లోని ఇన్‌స్ట్రక్టర్ దీన్ని పైకి చెప్పుకుంటారు. ముందు ముక్కు కిందికి దించాలి, తగిన వేగం వచ్చేదాకా ఆగాలి, మిగిలిన కేబుల్ వదిలేయాలి, ఆ తర్వాతే నేరుగా ముందు దిగాలా, తిరిగి రావాలా అని నిర్ణయించాలి. శిక్షణలో కావాలనే ఇది చేయిస్తారు. అందుకే నిజంగా తెగినా వాళ్లు కంగారుపడరు.

గాలిని వెతకడం

ఏఎస్‌కే 21 ఒక మీటరు ఎత్తు కోల్పోతూ 34 మీటర్ల దాకా ముందుకు పోగలదు. కానీ లేచే గాలి దొరక్కపోతే వించ్ ఇచ్చిన ఎత్తు కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఎండకు దున్నిన పొలాలు, ఊరి పైకప్పులు పక్కనున్న పచ్చికకన్నా ఎక్కువ వేడెక్కుతాయి. అక్కడి గాలి తేలికై పైకి లేస్తుంది. అదే థర్మల్. పైన చల్లబడి అందులోని తేమ మబ్బు కడుతుంది. అడుగు చదునుగా, అంచులు స్పష్టంగా ఉన్న మబ్బు కిందికి వెళ్లండి, అంచులు చెదిరిపోతున్న మబ్బును వదిలేయండి.

సీటు కింద నుంచి ఎవరో నెట్టినట్టు అనిపిస్తుంది, గ్లైడర్ ఎంత వేగంగా లేస్తోందో, దిగుతోందో చెప్పే వేరియోమీటర్ కూత స్వరం పెరుగుతుంది. ఏ రెక్క పైకి లేచిందో ఆ వైపు తిరగండి, థర్మల్ అటే ఉంది. అప్పటికే అక్కడ ఇంకో గ్లైడర్ తిరుగుతుంటే, అది ఏ వైపు తిరుగుతోందో మీరూ ఆ వైపే. స్టిక్‌ను వేళ్ల కొసలతో పట్టుకోండి. పిడికిలి బిగిస్తే గ్లైడర్ చెప్పేది చేతికి తెలియదు. కళ్లు మీటర్ల మీద కాదు, బయట ఉండాలి.

డన్‌స్టబుల్‌లో అయితే ఇంకో దారి ఉంది. పడమటి గాలి కొండకు కొట్టుకుని పైకి మళ్లుతుంది. దాని మీద కొండ వెంబడి అటూ ఇటూ ఎగరొచ్చు. కొండ దగ్గర ప్రతి మలుపూ కొండకు దూరంగానే తిప్పాలి. విప్స్‌నేడ్ జూ దగ్గర కొండవాలు మీద సుద్దనేలలో 1933లో చెక్కిన తెల్ల సింహం గాలిలో నుంచి స్పష్టంగా కనిపిస్తుంది.

దిగేటప్పుడు రెండో అవకాశం ఉండదు, ఇంజిన్ లేదు కదా. అందుకే ఎత్తు ఇంకా మిగిలి ఉండగానే మైదానం పక్కకు చేరి, ఎయిర్‌బ్రేకులతో దిగే వాలు సరిచేస్తారు. ఆ సమయంలో మీరు మాట్లాడకుండా గమనిస్తూ ఉండండి.

సాయంత్రం, ఆ తర్వాత ఆదివారం

దిగగానే గ్లైడర్‌ను దారిలోంచి తప్పించాలి, వెనక ఇంకొకరు దిగుతుంటారు. సాయంత్రం రెక్కల ముందు అంచుకు అంటుకున్న పురుగుల్ని తడిగుడ్డతో తుడిచి, ఒకదాని రెక్క కింద ఇంకొకదాన్ని దూర్చి హ్యాంగర్ నింపాలి. అలసిపోయినా ఆ పని అయ్యేదాకా ఉండండి. అప్పుడే టీ తాగుతూ పాతవాళ్లు నోరు విప్పుతారు.

ఆదివారం అదే ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగరడానికి ప్రయత్నించండి. నిన్న ఏం చేశారో ఆయనకు తెలుసు కాబట్టి మళ్లీ మొదటికి రారు. థర్మల్స్ లేకపోతే బాధపడకండి. అలాంటి రోజు వరసగా మూడు చిన్న లాంచ్‌లు చేస్తే, లేవడం, దిగడం మూడుసార్లు చూస్తారు. ఒకసారి విమానం వెనక తాడు కట్టించుకుని పైకి వెళ్లడం కూడా చూడండి. సాధారణంగా రెండు వేల అడుగుల దాకా లాగుతుంది. ఖర్చు ఎక్కువే గాని, నెమ్మదిగా ఎక్కడం వల్ల చుట్టూ చూడటానికి టైమ్ ఉంటుంది.

ఇంటికి బయల్దేరే ముందు లాగ్‌బుక్‌లో ప్రతి లాంచ్ రాసుకోండి: ఏ పద్ధతిలో, ఎన్ని నిమిషాలు, ఏ తప్పు దిద్దుకోవాలి. ఇన్‌స్ట్రక్టర్ సంతకం పెట్టించుకుని, వచ్చే శనివారానికి లిస్టులో పేరు రాసి రండి.