పాత డాస్ కంప్యూటర్‌ నుంచి ఆట వీడియో – 3వ పాఠం: 70 హెర్ట్జ్‌తో తంటా

పోయిన పాఠంలో వీజీఏ (పాత కంప్యూటర్ మానిటర్‌కి బొమ్మ పంపే పద్ధతి) సిగ్నల్‌ని స్ప్లిటర్‌తో రెండు దారులు చేసి, ఒకటి పాత మానిటర్‌కి, రెండోది కన్వర్టర్ (ఆ సిగ్నల్‌ని కొత్త పరికరాలకు అర్థమయ్యేలా మార్చేది) మీదుగా క్యాప్చర్ కార్డుకి (వచ్చిన బొమ్మను రికార్డు చేయించేది) ఇచ్చాం. బొమ్మ వచ్చింది కదా అని వెంటనే రికార్డు బటన్ నొక్కకండి. నేను నొక్కాను. రెండు సాయంత్రాలు కూర్చుని డూమ్ ఆట మొదటి ఎపిసోడ్ అంతా ఆడాను. తర్వాత వీడియో పెట్టుకుని చూస్తే నడకలో సన్నటి కుదుపు. ఆడేటప్పుడు మానిటర్ మీద అది లేనే లేదు. కంప్యూటర్‌దే తప్పనుకుని ర్యామ్ కూడా మార్చి చూశాను. పాపం, దాని తప్పేమీ లేదు.

కాగితం, పెన్ను తీసుకోండి. ఐబీఎం 1987లో తెచ్చిన వీజీఏ సెకనుకు దాదాపు 31,469 గీతలు గీస్తుంది. 640×480 మోడ్‌లో ఒక ఫ్రేముకు, కనపడేవీ కనపడనివీ కలిపి, 525 గీతలు. భాగిస్తే సెకనుకు 59.94 ఫ్రేములు, అంటే 59.94 హెర్ట్జ్. దీనితో ఏ కార్డుకీ పేచీ లేదు. కానీ డాస్ ఆటల్లో బాగా వాడిన మోడ్ 320×200, 256 రంగులది. అందులో ఒక్కో గీతను రెండుసార్లు గీసి 400 చేస్తారు. కనపడనివి కలిపితే 449. ఇప్పుడు 31,469ని 449తో భాగించండి: 70.09.

చవక కన్వర్టర్లు చాలావరకు ఏది వచ్చినా 60గానే బయటికి పంపుతాయి. అంటే సెకనుకు పది ఫ్రేములు గల్లంతు. డూమ్ గరిష్ఠంగా సెకనుకు 35 బొమ్మలే వేస్తుంది కాబట్టి, మానిటర్ మీద ప్రతి బొమ్మా సరిగ్గా రెండు ఫ్రేములు నిలుస్తుంది. అరవైలో ఇరికిస్తే 25 బొమ్మలు రెండేసి ఫ్రేములు, 10 బొమ్మలు ఒక్కో ఫ్రేమూ నిలుస్తాయి. నా వీడియోలో కుదుపు అదే.

అందుకని కన్వర్టర్ కొనేముందు అడగాల్సింది “4కె వస్తుందా?” అని కాదు, “70 హెర్ట్జ్‌ని 70గానే పంపుతుందా?” అని. ఓఎస్‌ఎస్‌సీ లాంటి లైన్ మల్టిప్లయర్లు పంపుతాయి, ఎందుకంటే అవి గీతల సంఖ్యే పెంచుతాయి, ఫ్రేముల జోలికి పోవు. క్యాప్చర్ కార్డు కూడా 70ని ఒప్పుకోవాలి. రికార్డు చేసే ప్రోగ్రామ్ ఓబీఎస్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) దగ్గర 70 అని మీరే టైపు చేయొచ్చు. యూట్యూబ్ 60 దాటనివ్వదు కాబట్టి, డూమ్ లాంటి ఆటైతే ఎడిటింగ్‌లో ఫ్రేము విడిచి ఫ్రేము తీసేసి 35గా ఎక్కించండి. ఒక్క బొమ్మ కూడా పోదు. నిజంగా 70 బొమ్మలూ వేసే ఆటలైతే అక్కడ నష్టం తప్పదు.

ఇంకో మెలిక ఉంది, నన్ను బాగా ఏడిపించింది ఇదే. డాస్ ప్రాంప్ట్ కనపడే టెక్స్ట్ మోడ్ 720×400. దాని గీతల వేగం, ఫ్రేముల వేగం ఆట మోడ్‌వే. బయటినుంచి చూసే కన్వర్టర్‌కి రెండూ కవలపిల్లలు. దాంతో ఆటను కూడా 720 అనుకుని కొలుస్తుంది, నిలువు అంచులు అలికినట్టు అవుతాయి. గీతకు మొత్తం శాంపిళ్లు (కన్వర్టర్ ఒక గీతను ఎన్నిసార్లు కొలవాలో ఆ లెక్క) టెక్స్ట్‌కి 900, ఆటకి 800. ఈ అంకె మార్చుకునే వీలుంటే 800 పెట్టండి. తర్వాత ఫేజ్‌ని (కొలిచే క్షణాన్ని కాస్త ముందుకో వెనక్కో జరిపే సెట్టింగ్) ఒక్కో మెట్టు జరుపుతూ అక్షరాల అంచులు పదునెక్కేదాకా చూడండి. ఇదంతా ఆట నడుస్తుండగానే చేయాలి, ప్రాంప్ట్ దగ్గర కాదు.

ఆకారం సంగతి చిన్నదే. 320×200 బొమ్మ 4:3 తెరకోసం గీసింది. అడ్డంగా 5 రెట్లు, నిలువుగా 6 రెట్లు చేస్తే 1600×1200 సరిగ్గా కుదురుతుంది. 16:9కి మాత్రం సాగదీయకండి, హీరోలు పొట్టిగా, లావుగా తయారవుతారు.

ఇంటిపని: పది సెకన్లు రికార్డు చేసి వీఎల్‌సీలో తెరవండి. ఆపి, ఇంగ్లీషు ‘E’ మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేమే జరపండి. నడిచేటప్పుడు ప్రతి బొమ్మా ఎన్ని ఫ్రేములు నిలిచిందో కాగితం మీద రాయండి. డూమ్‌లో 2, 2, 2 అని వస్తే సరే. మధ్యలో 1 పదేపదే కనపడితే ముందు కన్వర్టర్‌ని, ఆ తర్వాత ఓబీఎస్ అంకెని అనుమానించండి. వచ్చే పాఠంలో సౌండ్ బ్లాస్టర్ (పాత సౌండ్ కార్డు) నుంచి శబ్దం తీద్దాం, వెనకాల వచ్చే ఆ గుయ్‌మనే రొదతో సహా.