కారు షెడ్డు గదిని మ్యూజిక్ స్టూడియోగా అద్దెకివ్వాలంటే... తిరుపతిలో దరఖాస్తు ఎలా చేయాలి?

తిరుపతిలో ఇంటి కింద కారు షెడ్డును గదిగా మార్చి యాత్రికులకు అద్దెకిస్తున్నవాళ్లు తక్కువేమీ కాదు. షట్టరు తీసేసి గోడ, మూలన ఒక బాత్రూమ్, రెండు మంచాలు, ఒక ఏసీ. అంతే, గెస్ట్‌హౌస్ తయారు. ఇప్పుడు వాళ్లలో కొందరి చూపు మ్యూజిక్ స్టూడియో మీద పడింది. అదే గదిని సౌండ్‌ప్రూఫ్ చేయించి ప్రాక్టీసుకు, రికార్డింగుకు గంటల లెక్కన ఇద్దామని. గిరాకీకి కొదవ ఉండదు. టీటీడీ వారి ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరిది. అద్దె గదిలో డోలు, నాదస్వరం సాధన చేస్తానంటే ఏ ఇంటి ఓనరూ ఒప్పుకోడు. అన్నమయ్య కీర్తన పాడి యూట్యూబ్‌లో పెట్టాలనుకునే గాయకులు, పెళ్లి బ్యాండ్లవాళ్లు, డబ్బింగ్ చెప్పుకునే షార్ట్‌ఫిల్మ్ కుర్రాళ్లు ఎటూ ఉన్నారు.

ఇలాంటి ఫైలు శబ్దం దగ్గర ఆగుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి ఆగేది కారు దగ్గర.

ముందు పనుల వరుస చెప్తాను. ఇంటి మంజూరు ప్లాన్ చూసుకోవడం, అవసరమైతే రివైజ్డ్ ప్లాన్ పెట్టడం. తర్వాత ట్రేడ్ లైసెన్స్. ఆపైన కరెంటు కేటగిరీ, ఇంటిపన్ను మార్పు. చివరగా సౌండ్‌ప్రూఫ్ పని. మనవాళ్లు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు లక్షలు పోసి గోడలకు రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే రాతి నార), జిప్సం బోర్డు కొట్టించి, స్టూడియో ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టి, ఆ తర్వాత లైసెన్సు కోసం బయల్దేరతారు. అక్కడ దళారి చేతికి చిక్కుతారు. పెట్టిన డబ్బు కళ్లముందు కనపడుతుంటుంది కాబట్టి అతను ఎంత అడిగినా ఇచ్చేస్తారు.

ప్లాన్‌లో మీ గది పేరేమిటి?

బీరువాలోంచి మంజూరు ప్లాన్ తీయండి. పాత ఇళ్లకైతే నీలం గీతల బ్లూప్రింట్, ఈమధ్య కట్టినవాటికి ఆన్‌లైన్‌లో వచ్చిన ప్రింట్. గ్రౌండ్ ఫ్లోర్ బొమ్మలో మీ గెస్ట్‌హౌస్ గది ఉన్నచోట ఏం రాసి ఉందో చూడండి. ‘పార్కింగ్’ అనో ‘కార్ షెడ్’ అనో ఉంటే, మీరు ఎన్నేళ్లుగా అద్దె వసూలు చేస్తున్నా, కాగితం మీద అక్కడ ఉన్నది కారే. గది లేదు. లేని గదికి వాడకం మార్పు అడగడానికి వీల్లేదు.

ప్లాన్ పోగొట్టుకున్నవాళ్లు కంగారు పడొద్దు, ‘పాత ఫైలు బయటికి తీయిస్తా’నన్న మనిషికి డబ్బూ ఇవ్వొద్దు. ఇంటి డోర్ నంబరు, ఇంటిపన్ను అసెస్‌మెంట్ నంబరు, తెలిస్తే మంజూరైన సంవత్సరం రాసి కార్పొరేషన్‌లో ధ్రువీకరించిన నకలుకు దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల ఫీజుతో అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. పేజీల ఖర్చు వేరే. ‘ఫైలు దొరకలేదు’ అని జవాబు వచ్చినా రాతపూర్వకంగా వచ్చిన ఆ ముక్క కూడా దాచుకోండి, పనికొస్తుంది.

ఇక్కడ చాలామంది అనే మాట ఒకటుంది: ‘ఆ గదికి కూడా ఇంటిపన్ను కడుతున్నాం కదా!’ కడుతున్నారు, సరే. అనుమతి లేని కట్టడానికి కూడా పన్ను వేస్తారు, పైగా దాంతోపాటు పెనాల్టీ వేసే నిబంధన ఉంది. మీ డిమాండు నోటీసు ఒకసారి తీసి చూడండి, పెనాల్టీ గడి ఖాళీగా ఉందో, అందులో అంకె ఉందో. అంకె ఉంటే మీ గది సంగతి కార్పొరేషన్‌కు ముందే తెలుసన్నమాట. ఆ పెనాల్టీ కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు.

ప్లాన్‌లో ఆ చోటు గదిగానో, షాపుగానో ఉండి, ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా చేతిలో ఉంటే మీరు అదృష్టవంతులు. ఈ భాగం వదిలేసి ట్రేడ్ లైసెన్స్ దగ్గరికి వెళ్లిపోండి.

పార్కింగ్ అని ఉండి, ఆ చోటు ఇంటి మెయిన్ స్లాబు కిందే ఉంటే ప్రయత్నించే దారి ఉంది. లైసెన్స్ ఉన్న ఇంజనీరు, అంటే ఎల్‌టీపీ ద్వారా, రాష్ట్రంలో ఇంటి ప్లాన్ అనుమతులిచ్చే ఏపీడీపీఎంఎస్ పోర్టల్‌లో రివైజ్డ్ ప్లాన్ పెట్టాలి. అందులో ఈ గదిని గదిగా చూపడం ఒక్కటే చాలదు, కారు ఎక్కడ నిలబడుతుందో కూడా చూపాలి. మీ స్థలంలోనే, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) వదిలాక. ‘కారు వీధిలో పెట్టుకుంటాం సార్’ అనే మాట ప్లాన్‌లో గీయడానికి కుదరదు. మాకు కారే లేదన్నా అదే జవాబు. ప్లాన్ అడిగేది మీ కారును కాదు, ఆ ఇంటికి ఉండాల్సిన పార్కింగును.

దీంతోపాటు మాస్టర్ ప్లాన్ ప్రకారం మీ స్థలం ఏ జోన్‌లో ఉందో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. నివాస జోన్‌లో స్టూడియోకు ఒప్పుకుంటారా లేదా అన్నది రోడ్డు వెడల్పుతో సహా చూసి తేల్చే విషయం. ఇది రాతపూర్వకంగా తేలకుండా ఎల్‌టీపీకి పూర్తి ఫీజు ఇవ్వకండి. ఇల్లు కార్పొరేషన్ హద్దు దాటి పంచాయతీలో ఉంటే ప్లాన్ సంగతి తుడాలో (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అడగాలి. చిత్తూరువాళ్లకు చిత్తూరు కార్పొరేషన్, బయటైతే చుడా (అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ).

మూడో రకం గదులే అసలు తలనొప్పి. ఇంటికీ కాంపౌండ్ గోడకూ మధ్య వదలాల్సిన ఖాళీలో రేకులతోనో చిన్న స్లాబుతోనో వేసిన షెడ్డు. దాన్నే గెస్ట్‌హౌస్ చేశారు. దీన్ని రివైజ్డ్ ప్లాన్‌లో పెట్టినా సెట్‌బ్యాక్ దగ్గర ఆగిపోతుంది. బీపీఎస్ (అనుమతి లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధీకరించే పథకం) వచ్చినప్పుడు చూసుకుందాంలే అని దళారి అంటాడు. గతంలో వచ్చిన క్రమబద్ధీకరణ నిబంధనల్లో మంజూరు ప్లాన్‌లో పార్కింగ్‌కు కేటాయించిన చోటును విడిగా మినహాయించారు, ఆ సంగతి అతను చెప్పడు. నా మాట వింటే, ఇలాంటి షెడ్డు మీద రూపాయి పెట్టకండి. మిద్దె మీద ప్లాన్‌లో ఉన్న ఒక గదిని చూసుకోండి. మెట్లెక్కి డ్రమ్స్ మోయాల్సి వస్తుంది, వస్తే వచ్చింది.

తనిఖీకి వచ్చినవాళ్లకు మార్చిన షెడ్డు గుర్తుపట్టడం ఎంతసేపు? షట్టరు పోయినా గేటు నుంచి గది దాకా సిమెంటు ర్యాంపు అలాగే ఉంటుంది. కొత్త గోడ చుట్టూ పాత షట్టరు చట్రం అచ్చు కనపడుతూ ఉంటుంది. దాన్ని పూసి దాచే ఖర్చు కూడా దండగ.

ఇంకో చిన్న సంగతి, దీనివల్లే చాలామంది మోసపోతున్నారు. ఆన్‌లైన్ దరఖాస్తులో దరఖాస్తుదారు ఫోన్ నంబరు అడుగుతుంది. అక్కడ మీ నంబరే ఉండాలి. దళారి తన నంబరు వేసుకుంటాడు. ఫలానా కాగితం తక్కువైందని ఆఫీసు పంపే మెసేజీ అతనికే వెళ్తుంది. ఒక జిరాక్సు పెడితే తీరే పనికి ‘పైవాళ్లు అడుగుతున్నారు’ అని మీ దగ్గర వేలు గుంజుతాడు. బైరాగిపట్టెడ వైపు ఒకాయన ఇలాగే నెలల తరబడి తిరిగాడు. చివరికి చూస్తే ఆయన ఫైలులో తక్కువైంది ఇంటి దస్తావేజు రెండో పేజీ. ఎల్‌టీపీ ఆఫీసులో కూర్చుని స్క్రీన్ మీద మీ నంబరు మీరే చూసి, దరఖాస్తు నంబరు రాసుకుని లేవండి.

ట్రేడ్ లైసెన్స్, కరెంటు, పన్ను

ప్లాన్ సరిగా ఉంటే ట్రేడ్ లైసెన్స్ పెద్ద పనేం కాదు. వార్డు సచివాలయంలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పెట్టొచ్చు. ఆధార్, పన్ను రసీదు, యాజమాన్యం కాగితం, గది ఫొటోలు. ఇంతకుముందు లాడ్జింగ్ పేరుతో లైసెన్స్ ఉంటే దాన్ని రద్దు చేయించండి, లేకపోతే రెండింటికీ డిమాండు వస్తూ ఉంటుంది. ఈ లైసెన్స్ లెక్క ఆర్థిక సంవత్సరంతో నడుస్తుంది. ఫిబ్రవరిలో తీసుకుంటే మార్చి 31తోనే గడువు తీరుతుంది. తొందర లేకపోతే ఏప్రిల్‌లో మొదలుపెట్టండి.

ట్రేడ్ లైసెన్స్ వచ్చింది కాబట్టి ప్లాన్ గొడవ తీరిపోయిందనుకోకండి. వ్యాపారానికి అనుమతి వేరు, కట్టడానికి అనుమతి వేరు. ‘ఫామ్‌లో ఇతరములు అని కొడితే వచ్చేస్తుంది’ అన్న సలహాతో లైసెన్స్ తీసుకున్నవాళ్లకు కూడా పక్కింటివాళ్ల ఫిర్యాదు ఒక్కటి వెళ్లగానే టౌన్‌ప్లానింగ్ నోటీసు రావచ్చు. ఉద్యమ్ సర్టిఫికెట్‌ను ‘స్టూడియో పర్మిషన్’ అని అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. ఆధార్, పాన్ ఉంటే మీరే చేసుకోవచ్చు. చిన్న వ్యాపారమని చెప్పుకోవడానికే తప్ప అది దేనికీ అనుమతి కాదు. జీఎస్టీ మాట కూడా కలుపుతారు. సేవల మీద ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే దాని అవసరం. ఆ లెక్కలోకి మీ మిగతా వ్యాపారం, అద్దెలు కూడా వస్తాయని గుర్తుంచుకోండి.

కరెంటు దగ్గర మాత్రం కాస్త భయం ఉండాలి. ఇంటి మీటరు కేటగిరీ-1, గృహావసరం. స్టూడియో వాణిజ్యం కింద కేటగిరీ-2కి వస్తుంది. ఇంటి మీటరు నుంచే వైరు లాగి నడిపితే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 126 కింద అనధికార వాడకం. ఎప్పటినుంచి వాడారో తేలకపోతే 12 నెలల వాడకంగా లెక్కేసి, ఆ కేటగిరీ రేటుకు రెండింతలు వేస్తారు. కరెంటు సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ కేంద్ర కార్యాలయం మన ఊళ్లోనే ఉంది. గదికి వేరే వైరింగ్ చేయించి, విడిగా వాణిజ్య మీటరుకు దరఖాస్తు పెట్టుకోవడం మేలు. ఇంటి బిల్లు ఇంటిదే, స్టూడియో బిల్లు స్టూడియోదే. లోడు తక్కువ చూపితే డిపాజిట్ తగ్గుతుందని ఎలక్ట్రీషియన్ చెప్తాడు. ఏసీ, కన్సోల్, యాంప్లిఫయర్లు అన్నీ కలిపి ఉన్నదున్నట్టు రాయండి.

ఇంటిపన్నులో ఆ భాగం నివాసం నుంచి నివాసేతరానికి మారుతుంది, రేటు పెరుగుతుంది. మీరే ముందు రాసిచ్చి మార్పించుకోండి. ఇంటి మీద బ్యాంకు లోన్ ఉంటే బ్యాంకుకు కూడా ఒక ఉత్తరం ఇవ్వండి.

ఇక శబ్దం

శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతానికి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వాణిజ్య ప్రాంతానికి 65, 55. రాత్రి అంటే 10 నుంచి పొద్దున 6 దాకా. ప్రైవేటు స్థలంలో వాడే వాయిద్యమైనా, సౌండ్ సిస్టమైనా మీ హద్దు గోడ దగ్గర ఈ పరిమితికి 5 డెసిబెల్స్ మించి ఉండకూడదు. రుయా, స్విమ్స్ లాంటి ఆసుపత్రుల చుట్టుపక్కల, విద్యాసంస్థల దగ్గర నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోటైతే పగలు 50, రాత్రి 40.

ఇప్పుడు లెక్క చూడండి. డ్రమ్ కిట్ గది లోపల 100 నుంచి 110 దాకా వెళ్తుంది. రెండు వైపులా సిమెంటు పూసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ దాదాపు 50 ఆపుతుంది. బయట 50, 60 మిగిలాయి. పగలు అటూ ఇటూగా సరిపోతుంది, రాత్రికి సరిపోదు. పైగా ఇదంతా గోడ సంగతి. మామూలు ఫ్లష్ డోర్ ఆపేది 20, 25కు మించదు. గోడకు లక్ష పోసి తలుపు దగ్గర పొదుపు చేస్తే శబ్దం మొత్తం తలుపులోంచే నడిచి వస్తుంది. కింద సందు, ఏసీ పైపు కన్నం, స్విచ్ బోర్డు వెనక ఖాళీ కూడా అంతే. గుడ్డు ట్రేల్లాంటి ఫోమ్ ముక్కలు గోడంతా అంటించి సౌండ్‌ప్రూఫ్ అని బిల్లు వేసేవాళ్లు ఉన్నారు. ఫోమ్ లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, బయటికి పోయే శబ్దాన్ని ఆపదు. చౌక ఫోమ్ మంట పట్టుకుంటే పొగతో గది క్షణాల్లో నిండుతుంది. ఒకే తలుపున్న మూసిన గది కాబట్టి రాక్‌వూల్, జిప్సం వైపే వెళ్లండి. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి.

స్టూడియో తెరిచాక ఒక సాయంత్రం లోపల డోలు వాయించమని, పక్కింటి ఆంటీని వాళ్ల వరండాలో నిలబెట్టి వినమనండి. మీటరు కన్నా ముందు ఫిర్యాదు చేసేది ఆవిడే. రాత్రి 10 తర్వాత బుకింగ్ ఇవ్వనని బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి, రాసినట్టే ఆపండి.

ఏ దశలోనైనా దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతలో తీసుకోండి. నోటిమాటగా ‘కుదరదు’ అంటే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే పీజీఆర్ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం) అర్జీ ఇవ్వొచ్చు, 1100కు ఫోన్ చేయొచ్చు. అర్జీలో దరఖాస్తు నంబరు, తేదీ, ఏ కాగితం ఎప్పుడు ఇచ్చారో రాయండి. కట్టిన ప్రతి ఫీజుకూ ఆన్‌లైన్ రసీదు ఉండాలి. రసీదు లేకుండా ఇచ్చిన డబ్బు గురించి ఏ అర్జీలోనూ అడగలేరు.