బోటు నీళ్లలోకి దించే ముందు: ఆన్‌బోర్డ్ చార్జర్ పరీక్షలో, మార్పిడిలో జాగ్రత్తలు

నెలల తరబడి ఒడ్డునే ఉన్న బోటును మళ్లీ నీళ్లలోకి దించాలంటే చాలామంది ఇంజన్ చూస్తారు, అడుగుభాగం చూస్తారు, తాళ్లు చూస్తారు. బోటులోనే బిగించి ఉండే బ్యాటరీ చార్జర్ (ఆన్‌బోర్డ్ చార్జర్) దగ్గరికొచ్చేసరికి ప్లగ్గు పెట్టి, పచ్చలైటు వెలిగితే బాగానే ఉందనుకుని వదిలేస్తారు. ఆ లైటును నమ్మి దూరం వెళ్లాక మోటారు నీరసించిపోతే చేయగలిగింది పెద్దగా ఉండదు. బ్యాటరీ దాకా నిజంగా ఎంత చేరుతోందో తెలియాలంటే బ్యాటరీ టెర్మినళ్ల మీద మల్టీమీటరు పెట్టి చూడాల్సిందే. అందుకు పది నిమిషాలు చాలు. అయితే ఆ పది నిమిషాల పనిలోనూ ప్రాణాల మీదికి తెచ్చే తప్పులు కొన్ని ఉన్నాయి, ముందు వాటి సంగతి చూద్దాం.

మొదటిది గాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు, ముఖ్యంగా నిండే దశలో, హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరిందంటే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. బోటులో బ్యాటరీలు ఉండేదేమో మూసిన అరల్లో. పెట్రోలు ఇంజన్ ఉన్న బోటయితే పెట్రోలు ఆవిరి కూడా తోడవుతుంది. అది గాలికంటే బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది. అందుకే మూతలన్నీ తెరిచి, లోపలి గాలిని బయటికి తోసే ఫ్యాను (బ్లోయర్) ఉంటే కాసేపు నడిపి, వాసన ఏమీ లేదని తేల్చుకున్నాకే చెయ్యి పెట్టండి. ఉంగరం, వాచీ, గొలుసు తీసేయండి. 12 వోల్టులు మామూలుగా షాకు కొట్టవు. కానీ పాజిటివ్ నట్టు విప్పుతున్న స్పానరుకీ పక్కనున్న ఇనుముకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే అది క్షణంలో ఎర్రగా కాలుతుంది. కళ్లకు అద్దాలు, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. యాసిడ్ పడితే మంచినీళ్లతో కనీసం పావుగంట కడగాలి. కంట్లో పడితే అలా కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రెండోది వరుస. ఎప్పుడైనా ముందు కరెంటు ప్లగ్గు తీయాలి, ఆ తర్వాతే బ్యాటరీ వైర్లు. వైర్లలోనూ నెగెటివ్ ముందు, పాజిటివ్ తర్వాత. బిగించేటప్పుడు దీనికి పూర్తిగా తలకిందులు: పాజిటివ్, నెగెటివ్, అన్నిటికంటే చివర ప్లగ్గు. చార్జర్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీస్తే సరిగ్గా గ్యాస్ ఉన్నచోటే నిప్పురవ్వ లేస్తుంది. ఎంత తొందరలో ఉన్నా ఈ వరుస తప్పకండి.

మూడోది నీళ్లలో కరెంటు. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఇది కంటికి కనబడదు. రేవులో కట్టిన బోటుకు ఒడ్డు నుంచి కరెంటు తీసుకున్నప్పుడు, చార్జర్‌లో ఇన్సులేషన్ దెబ్బతిని, ఎర్త్ వైరు కూడా తెగి ఉంటే ఆ కరెంటు చుట్టూ ఉన్న నీళ్లలోకి పాకుతుంది. అక్కడ ఈదుతున్న మనిషికి కండరాలు బిగుసుకుపోయి చేతులు ఆడవు, అరవకుండానే మునిగిపోతాడు. ఉప్పునీటిలో కంటే మంచినీటిలో ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే మంచినీళ్ల కంటే మన ఒంట్లోంచే కరెంటు తేలిగ్గా పోతుంది. కాబట్టి పరీక్షలన్నీ బోటు ఒడ్డున, ట్రైలర్ మీద ఉండగానే ముగించండి. చార్జర్‌కి వచ్చే లైను మీద, కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే ఎర్త్ లీకేజ్ బ్రేకరు ఉండాలి. ప్లగ్గు పెట్టగానే అది పడిపోతోందంటే బ్రేకరును తిట్టుకోకండి, దాన్ని దాటేసి వేరే లైను లాగకండి. లోపం చార్జర్‌లోనో దాని కరెంటు తీగలోనో ఉందని అది చెబుతోంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి వాడటం అన్నిటికంటే పెద్ద తప్పు. కరెంటు పెట్టి ఉన్న బోట్ల మధ్య ఎవరినీ ఈదనివ్వకండి.

ఇక పరీక్ష. ప్లగ్గు తీసేసి, చార్జింగ్ ఆగి కొన్ని గంటలు గడిచాక ఒక్కో బ్యాటరీ మీద విడివిడిగా మీటరు పెట్టండి. నిండిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపిస్తుంది. 12.2 దగ్గర ఉంటే సగమే ఉన్నట్టు. 24 వోల్టుల మోటారుకు రెండు బ్యాటరీలు సిరీస్‌లో (ఒకదాని పాజిటివ్ రెండోదాని నెగెటివ్‌కి కలిపి) ఉంటే రెండు చివర్లు కలిపి కొలిచి సరిపెట్టుకోకండి. ఒకటి బాగుండి ఇంకొకటి చచ్చిపోయి ఉంటే మొత్తం అంకెలో ఆ తేడా సరిగా కనబడదు.

అంకెలు రాసుకుని ప్లగ్గు పెట్టండి. కొద్ది నిమిషాల్లో ప్రతి బ్యాటరీ మీదా వోల్టేజీ పైకి కదలాలి. బాగా వాడేసిన బ్యాటరీ అయితే 13 దాటి మెల్లగా ఎక్కుతూ చివరికి 14.4 - 14.8 మధ్యకు చేరుతుంది. నిండాక 13.2 - 13.6 దగ్గర నిలబడుతుంది, దీన్నే ఫ్లోట్ అంటారు. జెల్ బ్యాటరీకి ఇంతకంటే తక్కువ కావాలి, దాని మీద ఉన్న సూచనే చూడండి. వోల్టేజీ అసలు కదలకపోతే ఆ బ్యాటరీకి వెళ్లే బ్యాంకు (చార్జర్ నుంచి ఒక్కో బ్యాటరీకి వేరుగా వచ్చే వైర్ల జత) నుంచి ఏమీ రావట్లేదని అర్థం. 15 దాటి పోతుంటే, బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంటే, కరెంటును దూరం నుంచే, అంటే బ్రేకరు దగ్గరే ఆపేసి, గాలి ఆడనిచ్చి, చల్లారేదాకా దగ్గరికి పోకండి.

చాలామందిని బోల్తా కొట్టించే సంగతి ఒకటుంది. బ్యాటరీకి తగిలించకుండా చార్జర్ వైర్ల చివర్లలో మీటరు పెడితే సున్నా చూపిస్తుంది, దాంతో చార్జర్ పోయిందనుకుంటారు. బ్యాటరీ వోల్టేజీ కనబడితే తప్ప చాలా చార్జర్లు పని మొదలుపెట్టవు, అది వాటిలోని రక్షణ. బ్యాటరీ మరీ అడుగంటినా ఇంతే. లిథియం బ్యాటరీల్లో లోపలి రక్షణ సర్క్యూట్ మూసుకుపోయినా సున్నాయే కనబడుతుంది.

వైర్ల మీది ఫ్యూజును తీసి మీటరుతో చూడండి, కంటితో చూసి వదిలేయొద్దు. నేను ఒకసారి చార్జర్ మొత్తం విప్పి కింద పెట్టాక చూస్తే, ఫ్యూజు బాగానే ఉంది గానీ దాని హోల్డర్ లోపల చిలుము పట్టి ఉంది. శుభ్రం చేస్తే అదే చార్జర్ మళ్లీ పనిచేసింది. టెర్మినళ్ల మీది తెల్లపొడిని నీళ్లలో కలిపిన తినే సోడాతో కడగండి, సెల్స్ లోపలికి మాత్రం చుక్క కూడా పోకూడదు.

ఇంత చూశాక కూడా తేలకపోతే బ్యాంకులు మార్చి చూడండి. ప్లగ్గు తీసి, అనుమానం ఉన్న బ్యాటరీకి బాగా పనిచేస్తున్న బ్యాంకు వైర్లు, బాగున్న బ్యాటరీకి అనుమానపు వైర్లు తగిలించండి. అయితే బ్యాటరీలు రెండూ ఒకే రకానివైతేనే ఇలా చేయాలి. లోపం బ్యాటరీతోపాటు వెళ్లిందంటే బ్యాటరీ పోయింది. వైర్లతోనే ఉండిపోయిందంటే చార్జర్ బ్యాంకు పోయింది. కొత్త చార్జర్‌కి డబ్బు పెట్టేముందు ఈ ఒక్క పరీక్ష తప్పక చేయండి. చార్జర్‌ని తెరిచి లోపల చూడాలని మాత్రం ప్రయత్నించకండి. లోపలి కెపాసిటర్లు ప్లగ్గు తీశాక కూడా కరెంటు పట్టి ఉంచుతాయి.

మార్చక తప్పదని తేలితే, కొత్తదానికి బ్యాటరీలు ఎన్నో అన్ని బ్యాంకులుండాలి, మీ బ్యాటరీ రకానికి సెట్టింగ్ ఉండాలి. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీకి బ్యాంకుకు 10 ఆంపియర్లుంటే రాత్రికి నిండుతుంది. పెట్రోలు బోటయితే ఆవిరి అంటుకోకుండా తయారైన, ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ అని రాసి ఉన్నదే తీసుకోండి. ధర చూసి ఇక్కడ రాజీ పడొద్దు. పాతది విప్పే ముందు వైర్లన్నిటికీ ఫోటో తీసి, చీటీలు కట్టండి. బ్యాటరీకి సరిగ్గా నెత్తిమీద బిగించకండి, యాసిడ్ ఆవిరి తిన్నగా దానికే తగులుతుంది. చుట్టూ గాలి ఆడాలి, కార్పెట్ మీద పెట్టకూడదు. ఒక్కో బ్యాంకు వైర్లు ఒక్క బ్యాటరీ పాజిటివ్, నెగెటివ్‌లకే పోవాలి. రెండు బ్యాటరీలను కలిపే సిరీస్ జంపర్ వైరు ఉన్నచోటే ఉంటుంది. బ్యాంకు వైర్లను రెండు బ్యాటరీల మీదుగా తగిలిస్తే చార్జర్ గానీ ఫ్యూజు గానీ కాలిపోతుంది. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గర ఉండాలి. లేకపోతే మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు ఆ ముక్కకు రక్షణ ఉండదు. వైర్లు చాలకపోతే అతికి పొడిగించకండి, చార్జర్‌నే దగ్గరికి జరపండి.

మొదటి చార్జింగ్ పగలే పెట్టండి, మీరు అక్కడే ఉండగా. గంటకోసారి ప్రతి బ్యాటరీ మీద చెయ్యి పెట్టి వేడి, మీటరుతో వోల్టేజీ చూసుకుంటూ, ఫ్లోట్‌కి దిగేదాకా కనిపెట్టి ఉండండి. నీళ్లు పోసే బ్యాటరీలైతే ముందు ప్లేట్లు మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, మిగతాది చార్జింగ్ అయ్యాక పోయండి. ముందే నింపితే పొంగి యాసిడ్ అరలోకి కారుతుంది. ఆ రాత్రి ప్లగ్గు తీసేసి, తెల్లారి బ్యాటరీలన్నీ 12.6 దగ్గర నిలబడ్డాయో లేదో చూశాకే బోటును నీళ్లలోకి దించండి.